నాలుగు సుద్ద గీతలు

మా వెల్డింగ్ అన్న పోయాడని ఆదివారం తెలిసింది. అత్తమ్మకు జావ తాగిస్తున్నాను. చర్చి నుంచి వస్తున్న పక్కింటామె గేటు దగ్గరే ఆగి, "అన్న ఇగ లేడక్కా, తెల్లారంగ పాణం పోయిందట" అంది. చెంచా గిన్నెలో పెట్టి, వెనక్కి తిరిగి అత్తమ్మ మంచం పక్కనున్న కిటికీ గ్రిల్లు వైపు చూశాను. ఎందుకు చూశానో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

శంషాబాద్‌కు ఇవతల, చెరువు కట్టకు దిగువన ఉంటుంది మా కాలనీ. పొలాలు ప్లాట్లయ్యాక వచ్చి ఇళ్ళు కట్టుకున్నవాళ్ళమే చాలామందిమి. మా గేట్లు, కిటికీ గ్రిల్లులు దాదాపు అన్నీ ఆయన చేతివే. గగన్‌పహాడ్‌లో చిన్న రేకుల షెడ్డు ఉండేది ఆయనకు. ఇంటికొస్తే పేరుపెట్టి పిలిచేవాడు కాదు, పానాతో గేటు మీద రెండు దెబ్బలు కొట్టేవాడు. చెవి మీద ఎప్పుడూ సుద్దముక్క. చాయ్ పెట్టనా అంటే, "చాయ్ వద్దు చెల్లె, ఆలుగడ్డ ఉంటే రెండు ముక్కలు కోసియ్యి" అనేవాడు. మా అరుగు మీద పడుకుని, మంటకు ఎర్రబడిన కళ్ళ మీద ఆ ముక్కలు పెట్టుకునేవాడు. అలా కళ్ళు మూసుకునే కబుర్లు చెప్పేవాడు. మా గ్రిల్లు బిగించిన రోజు, "ఏనుగును కట్టేసి గుంజిపియ్యి. నా వెల్డు ఊడదు" అన్నాడు. ఆ మాట ఇల్లిల్లూ తిరిగి గర్వంగా చెప్పుకునేవాడు.

కొన్నేళ్ళ కిందట ఒక వానాకాలం చెరువు పొంగింది. మిగులు నీరు పోవలసిన దారిలో ఇళ్ళు లేచాయి కదా, నీళ్ళు మా వీధుల్లోకి మళ్ళాయి. మేము కాస్త మెరకలో ఉన్నాం, మోకాలిదాకా వచ్చి ఆగాయి. కింది వీధిలో బట్టలు కుట్టుకుంటూ ఒంటరిగా ఉండే ఒకామె ఇంట్లో చిక్కుకుపోయింది. దొంగల భయానికి పెట్టించుకున్న ఇనుప తలుపు బయటికి తెరుచుకుంటుంది. బయట నీళ్ళు నెడుతుంటే అది కదలలేదు. మిగిలింది కిటికీ, దానికీ ఆయన బిగించిన గ్రిల్లే. వెల్డింగ్ అన్న మెడలోతు నీళ్ళలో అక్కడికి చేరాడు. కరెంటు లేదు, కోసే మిషను పనికిరాదు. గడ్డపార దూర్చి ఊచలు విరవబోయాడు. చివరిదాకా ఊచల సందులోంచి ఆమె చెయ్యి పట్టుకునే ఉన్నాడట.

ఆ సాయంత్రం మా మెట్ల మీద కూర్చున్నాడు. ఒంటి మీది నీళ్ళు మెట్టు మెట్టుకూ కారుతున్నాయి. ఒక్కటే మాట అన్నాడు.

"నా వెల్డు ఊడలే, చెల్లె."

నీళ్ళు తగ్గిన వారానికే పాత స్కూటరు మీద మిషను కట్టుకుని బయలుదేరాడు. ప్రతి ఇంట్లో ఒక గ్రిల్లు కోసి, ఒకవైపు బందులు, ఇంకోవైపు లోపలినుంచి గడియ పెడతానన్నాడు. అప్పుడు అది చిన్న తలుపులా తెరుచుకుంటుంది. పైసా తీసుకోనన్నాడు. మొదట్లో జనం నవ్వారు. ఆయన పట్టు వదల్లేదు. గడియ పెట్టి ఊరుకునేవాడా, ఇంటివాళ్ళ చేత కళ్ళు మూయించి మరీ తీయించేవాడు. "నీళ్ళొస్తె కరెంటుండదు. చెయ్యికి తెల్వాలె." మూలింటి ముసలవ్వ చీర చెంగు కళ్ళకు కట్టుకుని గడియ లాగుతూ, "దొంగలకు గూడ గిట్లనే నేర్పిస్తున్నవా ఏంది?" అంది. "దొంగ బయటుంటడవ్వా, గడియ లోపలున్నది. జర గట్టిగ గుంజు" అన్నాడు. వీధంతా నవ్వింది.

మా ఇల్లే మిగిలింది.

నాకు ప్రతిదీ నోటుబుక్కులో రాసుకునే అలవాటు. సిలిండరు మార్చిన రోజు, అత్తమ్మ మాత్రలు, నీళ్ళ ట్యాంకు కడిగిన రోజు, అన్నీ ఉంటాయి. ఆ వరద తర్వాత దానికీ ఒక పేజీ పెట్టాను. కాగితాలు ప్లాస్టిక్ కవరులో చుట్టి అటక మీద, పక్కన టార్చి, పది రోజుల మాత్రలు, అటుకులు, తాడు. ఆయనకు గొప్పగా చూపించాను. వేలు పెట్టి వరుసగా చదివి అన్నాడు: "మంచిగ సదిరినవ్ చెల్లె. సామాను బతుకుతది. మరి మీరెట్ల బయటికొస్తరు?"

అప్పుడే గ్రిల్లుకు కొత్తగా రంగు వేయించాం. కోస్తే మాడిపోతుందని, "దసరా తర్వాత" అని రాసుకున్నాను. దసరాకు పక్క వీధిలో దొంగలు పడ్డారు, భయమేసి "ఎండాకాలం" అని రాశాను. ఎండాకాలానికి అత్తమ్మకు పక్షవాతం వచ్చింది. ఆమె మంచం ఆ గదిలోనే వేశాం. నిప్పురవ్వలు, ఇనుప పొడి పడతాయని మళ్ళీ వాయిదా. అన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయి. మొన్న వేసవిలో వచ్చినప్పుడు ఆయనకు దగ్గు ఆగడం లేదు. అయినా చెవి మీది సుద్ద తీసి, కోయవలసిన చోట్ల పైన రెండు, కింద రెండు గీతలు పెట్టాడు. "మేడ మెట్లు ఈ కిటికీకి రెండడుగుల దూరంలనే ఉన్నయి. పెద్దమ్మను దుప్పట్ల ఏసి ఇద్దరు పట్టుకుంటె సాలు. ఎప్పుడంటె అప్పుడు ఫోన్ కొట్టు, వస్త."

నేను ఫోన్ చేయలేదు. దవాఖానలో చేర్చారని విని చూడబోయాను. మాస్కు కింద మాట సరిగ్గా రావడం లేదు. నన్ను గుర్తుపట్టి అడిగింది ఒక్కటే: "పెద్దమ్మ కిటికీ?"

"అయిపోయిందన్నా. వేరేవాళ్ళతో చేయించిన."

"గడియ లోపల్నే పెట్టిండా?"

"లోపల్నే."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. దుప్పటి మీద ఆయన వేళ్ళు మెల్లగా గడియ లాగినట్టు కదిలాయి. తెరుచుకుందన్నట్టు ఆగాయి. ఆయన్ని నేను చూడటం అదే ఆఖరు.

ఆ అబద్ధాన్ని నిజం చేద్దామని తిరుగుతున్నాను. ఒక షాపువాడు పాత గ్రిల్లు ముట్టుకోనన్నాడు, కొత్తది చేయించుకొమ్మన్నాడు. ఇంకొకడు వస్తానని రెండుసార్లు చెప్పి రాలేదు. మూడోవాడు, "గింత వానల కరెంటు మిషను ఎట్ల పెట్టాలె అక్కా, నాకు పాణం మీద ఆశ లేదా?" అన్నాడు. అతని తప్పేముంది? నాలుగు రోజులుగా ముసురు. చెరువు నిండిందని, కట్ట మీదికి ఎవరూ పోవద్దని ఆటోలో మైకు పెట్టి చెప్పి వెళ్ళారు. మా ఆయనకు ఎయిర్‌పోర్టు కార్గోలో డ్యూటీ. పగలంతా ఇంట్లో అత్తమ్మా నేనే. నిన్న ఆమెను ఒక్కదాన్నే లేపి కుర్చీలో కూర్చోబెట్టడానికి ప్రయత్నించాను. మంచం అంచుదాకా జరపగలిగాను. అంతే.

మూలింటి అవ్వ పొద్దున కిటికీ తెరిచి, గడియ మళ్ళీ వేసుకుంది. ఆ చప్పుడు మా ఇంటిదాకా వినిపించింది. ఈ వీధిలో ఆ చప్పుడు లేని ఇల్లు మాదొక్కటే.

జల్లు కొట్టి ఆయన గీతలు కరిగిపోతున్నాయి. వచ్చేవాడెవరైనా ఎక్కడ కోయాలో తెలియాలి కదా. ఊచలు తువ్వాలుతో తుడిచి, అదే చోట సుద్దతో మళ్ళీ దిద్దుతున్నాను. తడి ఇనుము మీద సుద్ద నిలవదు. పైన రెండు గీసి కింది వాటికి వంగేసరికి, పైవి తెల్లటి నీళ్ళై ఊచ వెంట జారి నా వేళ్ళ మీదికి వస్తున్నాయి. మంచం మీదినుంచి అత్తమ్మ చూస్తోంది. మళ్ళీ తుడుస్తాను. మళ్ళీ గీస్తాను.