పేగులో పేగు

నా మొదటి బిడ్డ బాపట్లలో, మా పుట్టింట్లో పోయాడు. అప్పుడు వాడికి ఏడో నెల. పొద్దున ఆడుకుంటూ ఉన్నట్టుండి కాళ్ళు పొట్టలోకి ముడుచుకుని కెవ్వుమన్నాడు. కాసేపటికి ఏడుపు ఆగింది, పాలు కూడా తాగాడు. అంతలో మళ్ళీ కెవ్వుమన్నాడు. సాయంత్రానికి పచ్చటి వాంతులు, నెత్తురు కలిసిన జిగురు విరేచనం. బంక విరేచనాలనుకుని మందు పోశారు. మర్నాడు నా ఒళ్ళోనే చల్లబడిపోయాడు.

కబురు అందగానే రేపల్లె నుంచి మా అత్తగారు వచ్చింది. పరామర్శకొచ్చిన ఆడవాళ్ళంతా వింటుండగా నా ఎదురుగా కూర్చుని, "నీ పాలే వాణ్ణి తినేశాయి" అంది. గొంతేమీ పెంచలేదు. ఎవరూ కాదనలేదు. మా అమ్మ తల దించుకుంది. నా రొమ్ములు అప్పటికింకా పాలతో సలుపుతున్నాయి.

తర్వాత ఆడపిల్ల పుట్టింది. దానికి నా పాలు పట్టనివ్వలేదు, సీసాతో గేదెపాలే. అయినా పాప కూర్చోవడం నేర్చుకుంటున్న రోజుల్లో ఒక ఉదయం అలాగే కాళ్ళు ముడుచుకుని అరిచింది. అరుపు కన్నా, అది ఆగిపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. బాబుకొచ్చిందే ఇదని చెబితే మా అత్తగారు వినిపించుకోలేదు. వాత పెడితే పేగు సర్దుకుంటుందని పసుపుకొమ్ము కాల్చుకొచ్చింది. ఆవిడ వాతలకు మా వీధిలో మంచి పేరు. నేను అడ్డు వెళ్తే గదిలోకి నెట్టి గడియ పెట్టారు. పాప కాళ్ళు కదలకుండా పట్టుకున్నది మా ఆయనే. తలుపు ఇవతల నుంచి అంతా విన్నాను.

గడియ తీసేసరికి పాప పచ్చగా కక్కుకుని వేలాడిపోతోంది. ఎవర్నీ అడగకుండా భుజాన వేసుకుని రేపల్లెలోనే ఉన్న డాక్టరు గారి దగ్గరకు నడిచాను. ఆయన పొట్ట తడిమి, కుడిపక్కన గడ్డలా తగులుతోంది, తెనాలిలో ఎక్స్‌రే ఉంది, ఈ బండికే వెళ్ళమన్నారు. రైల్లో నొప్పి వచ్చినప్పుడల్లా పాప అరిచేది. ఎదుటి బల్ల మీది పెద్దమనిషి, తల్లివై ఉండి ఆ నోరు మూయించలేవా అని కసిరాడు. వేమూరు దాటాక పాపకు అరిచే ఓపిక కూడా పోయింది. ఆయన హాయిగా కునుకు తీశాడు.

తెనాలి డాక్టరు గారు కిటికీలకు నల్లగుడ్డలు కట్టిన గదిలోకి తీసుకెళ్ళారు. నర్సు వాతలు చూసి, ఇది మీరే చేశారా అంది. నేను పాప గౌను కిందికి లాగాను. పేగులో పేగు దూరిందనీ, చొక్కా చెయ్యి లోపలికి మడతపడినట్టనీ డాక్టరు గారు చెప్పారు. నీళ్ళ బరువుతో దాన్ని వెనక్కి నెట్టి చూస్తారట, కుదరకపోతే కోయడమే. సున్నంలా తెల్లటి మందు నీళ్ళ డబ్బా ఎత్తున కట్టి, వెనక నుంచి రబ్బరు గొట్టం పెట్టి, నీళ్ళు బయటికి రాకుండా పిరుదులు దగ్గరికి నొక్కి పట్టీ అతికించారు.

"పాప చేతులు గట్టిగా అదిమి పట్టుకో అమ్మా. జాలిపడి వదిలావా, మళ్ళీ మొదటికొస్తుంది" అన్నారు డాక్టరు గారు.

పట్టుకున్నాను. పాప నా కళ్ళలోకి చూస్తూ ఏడ్చింది. పచ్చగా వెలిగే ఎక్స్‌రే తెర మీద ఆ తెల్లమందే నల్లటి తాడులా పాకి ఒకచోట ఆగిపోయింది. నీళ్ళు కిందికి వదిలి మళ్ళీ ఎక్కించారు. చాలాసేపు అక్కడే ఉంది. చివరికి పేగు విడి, మందు ఒక్కసారిగా ముందుకు జారిపోయింది. పాప ఏడుపు మాని నిద్రపోయింది.

అప్పుడు బాబు సంగతి చెప్పాను. డాక్టరు గారు చేతులు కడుక్కుంటూ విన్నారు.

"వాడికీ ఇదే అయ్యుంటుంది. అదేరోజు తెచ్చుంటే బతికేవాడేమోనమ్మా."

ఇంటికొచ్చి ఈ మాట చెబితే మా అత్తగారు కన్నైనా ఆర్పలేదు. "పేగు సర్దింది నా వాత. వాళ్ళు నీళ్ళెట్టి కడిగారు, అంతే" అంది. వీధంతా అదే చెప్పుకుంది. పాపను చూసిన వాళ్ళంతా నమ్మారు.

మరుసటి వేసవిలో మా వీధి దర్జీ సాహెబు గారి కోడలు తన బాబును మా అత్తగారి దగ్గరకు ఎత్తుకొచ్చింది. వాడికీ అదే ఏడుపు. ఇది వాతకు తగ్గదు, తెనాలి తీసుకెళ్ళమని ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని చెప్పాను. ఆమె వసారాలో పాకుతున్న నా కూతుర్ని చూసింది.

"మరి మీ పాపకి తగ్గింది కదండి" అంది.

వాత పెట్టించుకునే వెళ్ళింది. మర్నాడు పొట్ట బిగిసిపోయాక గానీ తెనాలి బండెక్కలేదు. ఇప్పుడు నీళ్ళెక్కిస్తే పేగు పగిలిపోతుందని అక్కడ ముట్టుకోలేదట. ఆపరేషన్‌కు గుంటూరు తీసుకెళ్తుంటే దారిలో పోయాడు.

"రైళ్ళలో తిప్పి తిప్పి చంపుకున్నారు" అంది మా అత్తగారు. ఆ బాబు తల్లి కూడా అదే నమ్మింది. తెనాలి పేరెత్తింది నేనని, ఆ తర్వాత నా ముఖం చూడలేదు.