నీడలో పెట్టిన సైకిల్

మొన్న మే నెలలో మా పెదనాన్న పోయారు. వడదెబ్బ అన్నారు డాక్టరు. అందరూ అదే అంటున్నారు. నేను అనడం లేదు. ఎందుకో మీకు చెప్పాలి.

ఈ హిందీ ఊళ్లో, గుఢియారీ పేటలోని మా ఇంటి నుంచి సిల్తారాలోని ఉక్కు ఫ్యాక్టరీకి ఆయన సైకిల్ మీదే వెళ్లి వచ్చేవారు. బండి తీసే ముందు రెండు టైర్లూ బొటనవేలితో నొక్కి చూడాల్సిందే. నేను కాలేజీకి బయల్దేరినా గుమ్మంలో అదే తనిఖీ. "హవా చూసుకున్నావేటమ్మా? ఎండల్లో మరీ గట్టిగా కొట్టించకు, ట్యూబు పేలిపోద్ది" అనేవారు.

ఒక ఉదయం ఇద్దరం కలిసి వెళ్తుంటే బీర్‌గావ్ దగ్గర నా టైరు పంక్చరైంది. పరీక్షకి ఆలస్యమవుతోందని అలాగే తొక్కబోతే హ్యాండిల్ పట్టుకుని ఆపేశారు. గాలి లేకుండా తొక్కితే రిమ్ము ట్యూబుని కోసేస్తుందట. అతుకు వేసే ముందు టైరు లోపలంతా వేలితో తడిమి, లారీల నుంచి రాలిన ఇనుప ముక్కని బయటికి తీశారు. "గుచ్చుకున్నది లోపలుంచీసి అతికితే ఏటి లాభం?" అన్నారు. అప్పుడు నాకు ఒళ్లు మండింది. ఇవాళ ఎంత దూరమైనా భయం లేకుండా తొక్కుతున్నానంటే అది ఆయన చలవే.

ఆయన పోయిన రోజు, ఎండకి ట్యూబులు పేలుతున్నాయని సైకిల్‌ని ఆఫీసర్ల కార్ల షెడ్డులో ఓ మూల నీడకి పెట్టారు. అంతే ఆయన చేసిన నేరం. వాచ్‌మన్ రెండు చక్రాల వాల్వులూ పీకి పారేశాడు. అక్కడ అది మామూలు శిక్షేనట. వాల్వుల్లేక, క్యారియర్‌కి కట్టుకున్న పంపు ఉండీ పనికిరాలేదు. మధ్యాహ్నం డ్యూటీ దిగి, ఎక్కకుండా, బండిని తోసుకుంటూ బీర్‌గావ్ వైపు నడిచారు. పంక్చర్ల కొట్టు చేరలేదు.

గేటు దగ్గరే వదిలేసి ఆటో ఎక్కొచ్చుగా అంటారు మీరు. మేమూ అనుకున్నాం. బండిని అలా వదిలేసే మనిషి కాదాయన. అదే నా కడుపుమంట.

ఫ్యాక్టరీ నుంచి వచ్చినాయన "గేట్ కే బాహర్ హువా హై", జరిగింది గేటు బయట అని చెప్పి, టీ తాగి వెళ్లిపోయాడు. వాచ్‌మన్ కూడా వచ్చాడు. సాబ్ చెప్పారు, చేశాను అన్నాడు. పెద్దమ్మ అతనికి మంచినీళ్లిచ్చింది. నేనైతే ఇవ్వను.

కానిస్టేబుల్ సైకిల్ తెచ్చి అప్పగించాడు. పక్కింటి తెలుగాయన కొత్త వాల్వులు పట్టుకొచ్చి, "ఏసీమంటావా వదినా?" అన్నాడు.

"వద్దు బాబూ. ఆళ్లేం చేసారో కనబడనీ" అంది పెద్దమ్మ.

గాలి లేని టైర్ల మీద నెలల తరబడి నిలబెడితే రబ్బరు పగిలిపోతుంది. ఆయనుంటే బండిని తలకిందులుగా పెట్టేవారు. నేను పెట్టలేదు. వరండాలో వచ్చేపోయేవాళ్లకి అడ్డంగా అలాగే ఉంది. ముందు టైరు చుట్టూ సన్నటి పగుళ్లు మొదలయ్యాయి.