నేనిచ్చిన కిడ్నీకి జలుబు చేసినప్పుడు

జల్‌పల్లిలో మా ఆడబిడ్డ కొత్త ఇంటి గృహప్రవేశానికి వెళ్ళొచ్చిన రెండు రోజులకు మా ఆయన దగ్గడం మొదలుపెట్టాడు. సన్నటి పొడిదగ్గు. ఇంకెవరికైనా అయితే అల్లం టీతో పోయే దగ్గు. కానీ మా ఆయనకు అంతకు ముందు ఏడాదే కిడ్నీ ట్రాన్స్‌ప్లాంట్ అయింది. ఆ కిడ్నీ ఇచ్చింది నేను.

దగ్గు ఎక్కడిదో నాకు తెలుసు. ఆడబిడ్డ భర్త ఆ రోజంతా ఖళ్ళుఖళ్ళున దగ్గుతూనే తిరిగాడు. ఊరుకున్నాడా అంటే అదీ లేదు. ఫొటో తీస్తుంటే, "ఏంది బామ్మర్దీ, శుభకార్యంల గా మూతిగుడ్డ? మేమేమన్న అంటురోగులమా?" అని మా ఆయన మాస్కు తనే లాగేశాడు. మాస్కు పెడితే కొత్త ఇంటికి అరిష్టమట. దగ్గు మాత్రం శుభం కాబోలు. నలుగురిలో పేషెంటులా కనపడకూడదని మా ఆయన కూడా పళ్ళికిలించి నిలబడ్డాడు. ఆ ఫొటో ఇప్పటికీ వాళ్ళ హాల్లో ఉంది. ఇద్దరు తెలివితక్కువవాళ్ళు భుజాల మీద చేతులేసుకుని నవ్వుతుంటారు.

డాక్టర్‌కు ఫోన్ చేద్దామన్నాను. "జలుబుకు డాక్టరెందుకే? లొల్లి చెయ్యకు" అన్నాడు. బార్కస్‌లో మా గల్లీ చివరి మెడికల్ షాపులో సిరప్ తెచ్చుకున్నాడు. "మౌసమ్ ఐసా హై భాభీ, ఫికర్ మత్ కరో" అని షాపతను నాకు ధైర్యం చెప్పాడు. వాతావరణం మీదికి నెట్టేస్తే ఇక ఎవరి తప్పూ ఉండదు. జ్వరం పెద్దగా లేదు, కానీ మెట్లెక్కితే ఆయాసం వచ్చింది. ఇక ఆయన మాట వినకుండా ఆటో ఎక్కించాను.

ముక్కులో స్వాబ్ తీసుకున్నారు, సీటీ స్కాన్ చేశారు. ఆర్ఎస్‌వీ అనే వైరస్ అట.

"మామూలు మనిషికి ఇది జలుబమ్మా. ఈయనకు న్యుమోనియా అయింది" అంది డాక్టరమ్మ. "రిజెక్షన్ రాకుండా, అంటే ఒళ్ళు ఆ కిడ్నీని తిప్పికొట్టకుండా, ఇచ్చే మందులు ఇమ్యూనిటీని తగ్గిస్తాయి. ఇప్పుడు వాటిని కొంచెం తగ్గించాలి. మరీ తగ్గిస్తే కిడ్నీకి ప్రమాదం."

ఆక్సిజన్ పెట్టారు. మందు తగ్గించాక రక్తంలో క్రియాటినిన్ పెరిగింది, అంటే కిడ్నీ పని మందగించినట్టు. నాకు ఏడుపు కన్నా కోపమే ఎక్కువ వచ్చింది. "ఒళ్ళు కోయించుకుని ఇచ్చిన. ఒక్క ఫొటో కోసం పోగొడ్తవా?" అని మంచం పక్కనే నిలబడి అడిగాను. ఆయన నా నడుము వైపు చూసి కళ్ళు మూసుకున్నాడు. భయపడ్డాడు. నేనూ భయపడ్డాను.

మెల్లగా ఆక్సిజన్ తీసేశారు, మందు మళ్ళీ పెంచారు. క్రియాటినిన్ దిగింది గానీ పాత చోటికి రాలేదు. ఇక దాంతోనే సర్దుకోవాలి.

మొన్న ఆడబిడ్డ భర్త పరామర్శకు వచ్చాడు. యాపిల్స్ తెచ్చాడు. దగ్గునూ తెచ్చాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన మాస్కు పెట్టుకుని గడప దగ్గరికి వెళ్ళాడు.

"బావా, ఆడ్నే ఆగు."

"గిదేంది, సొంత బావను బయట నిలబెడ్తవా?"

"నాదైతే రానిస్తుంటి. కిడ్నీ గామెది."

పండ్లు అక్కడే పెట్టి ఆడబిడ్డ భర్త వెళ్ళిపోయాడు. మాకు పొగరెక్కిందని చుట్టాల్లో చెప్తున్నాడట.

ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్ళ ఇళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. దగ్గు మొదలైన రోజే, జ్వరం వచ్చేదాకా ఆగకుండా, మీ ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్‌కు ఫోన్ చేయండి. దగ్గే చుట్టాలను గడప దాటనివ్వకపోతే అలుగుతారు. అలగనివ్వండి, అలక అంటుకోదు.