క్లచ్ మీద రెండు వేళ్లు

నా చిన్నప్పుడు మా చిన్నమామయ్య గుమ్మం దాటకముందే ఆముదం వాసన ఇంట్లోకి వచ్చేది. మా ముత్తాతల కాలం నుంచి మాది సింగపూరే. మామయ్య ఒక మోటార్‌సైకిళ్ల షాపులో మెకానిక్. ఆ షాపు తౌకే, అంటే యజమాని, జపాన్ నుంచి ఒక టూ-స్ట్రోక్ రేసు బండి తెప్పించాడు. దాని పెట్రోల్లో ఆముదంతో చేసిన ఆయిల్ కలిపేవారు. అది నడిపేది మామయ్యేనని ఇంట్లో ఎవరికీ తెలియదు.

అమ్మమ్మకు మాత్రం ఆముదం అంటే ఒకటే అర్థం. కొడుక్కి కడుపు బాగాలేదు, సిగ్గుపడి చాటుగా ఆముదం తాగుతున్నాడు అనుకుంది. వారం రోజులపాటు చేపల పులుసు మాకు, మజ్జిగన్నం మామయ్యకు. నిజం చెప్పే ధైర్యం లేక ఆయన నోరెత్తకుండా తినేవాడు. చివరికి పక్కింటి ఆంటీ, మీవాడు ఆదివారం రేసులో ఉన్నాడటగా అని అడగడంతో గుట్టు బయటపడింది. అమ్మమ్మ కొడుకుతో మాట్లాడటం మానేసింది.

ఆ బండికి మంచి పేరు లేదు. పూర్తి వేగంలో ఉండగా ఇంజిన్ ఉన్నట్టుండి పట్టేసేదట. వెనక చక్రం బిగుసుకుపోయి మనిషిని ఎత్తి పడేసేదట. అది విన్నాక నాకు అన్నం సహించలేదు. వెళ్లొద్దని మామయ్య చొక్కా పట్టుకుని ఏడ్చాను.

ఆయన నన్ను ఊరుకోబెట్టలేదు. షాపుకి తీసుకెళ్లి ఆ బండి మీద కూర్చోబెట్టాడు. నా ఎడమచేతి వేళ్లు రెండు క్లచ్ మీద పెట్టి, "ఇంజిన్ ఆగితే ఆగనీ అమ్మడూ. చక్రాన్ని మాత్రం ఆగనివ్వకూడదు. చప్పుడు మారిందా, ఇది లాగెయ్. బండి దాని మానాన అది దొర్లుతుంది" అన్నాడు. నోటితో ఇంజిన్ చప్పుడు చేస్తూ మధ్యలో ఠక్కున ఆపేవాడు. నేను లాగాలి. నా వేళ్లు నొప్పెట్టేదాకా ఆడించాడు.

రేసుకి చచ్చినా రానన్న అమ్మమ్మ అందరికంటే ముందు చీర మార్చుకుని కూర్చుంది. రోడ్డు మలుపు దగ్గర గట్టు మీద నిలబడ్డాం. మామయ్య బండి కీచుమనే అరుపు దూరం నుంచే గుర్తుపట్టాను. చెట్ల వెనక దగ్గరవుతూ దగ్గరవుతూ అది టక్కున ఆగిపోయింది. అమ్మమ్మ నా భుజం పట్టుకుంది, గోళ్లు దిగేలా. నా వేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి.

మలుపులోంచి బండి వచ్చింది. చప్పుడు లేదు. మామయ్య నిటారుగా కూర్చుని, ఎడమచేయి బిగించి, మెల్లగా దొర్లుకుంటూ గడ్డి మీదికి వచ్చి ఆగాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మమ్మ పరుగులాంటి నడకతో వెళ్లి కొడుకు తల, చేతులు, మోకాళ్లు తడిమి చూసింది. తర్వాత ఆ చొక్కా వాసన చూసి, "దీనికోసమా రా వారం రోజులు మజ్జిగన్నం తిన్నావు" అని నవ్వుతూ ఏడ్చింది. ఆ రాత్రి మామయ్యకు చేపల పులుసు వడ్డించింది. క్లచ్ మీద వేళ్ల సంగతి నేను చెప్పాను. అప్పటినుంచి ఆయన బయల్దేరుతుంటే జాగ్రత్త అనేది కాదు, వేళ్లు చూసుకో అనేది.

మొన్న చాంగీలోని తన ఆఫీసు నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, జాబ్ పోయింది" అంది. ఎందుకు, ఎలా అని నేను అడగలేదు. ట్రైన్ ఎక్కి తిన్నగా బూన్ లేలో ఉన్న నా దగ్గరికి వచ్చెయ్యమన్నాను. పులుసు పెట్టి, వరండాలో నిలబడి లిఫ్ట్ వైపు చూస్తూ ఉన్నాను. అమ్మాయి లిఫ్ట్ దిగి, బ్యాగు భుజాన వేసుకుని, తన కాళ్ల మీద తను నడుచుకుంటూ వచ్చింది. ఆకలేస్తోందమ్మా అంది.

అప్పుడు చూసుకున్నాను, నా ఎడమచేతి రెండు వేళ్లు ముడుచుకునే ఉన్నాయి. మెల్లగా వదిలాను.