పసుపు పూసిన కార్డులు

"అసలు ఈ ప్రోగ్రాం రాసినవాడెవరమ్మా?"

1982 ఫిబ్రవరిలో హైదరాబాదు శాలిబండలోని ఒక ఉద్యోగుల పరపతి సంఘం ఆఫీసులో కార్యదర్శి సుందరరామయ్య అహల్యను ఇలా అడిగాడు. ఐదు నెలలు కూర్చుని రాసిన మనిషినే అడిగాడు. "నేనే సార్" అంది. ఆయన నవ్వి, ఆమె వెనక నిలబడ్డ తోటి విద్యార్థి రఘునాథ్‌కు కుర్చీ చూపించాడు.

అహల్య పుట్టిందీ పెరిగిందీ శాలిబండలోనే. తండ్రి విఠల్‌రావు గుడి లెక్కలు రాసే గుమాస్తా. యూనివర్సిటీలో కంప్యూటర్ డిప్లొమాకు చేరిన తొలి ఆడపిల్లల్లో ఆమె ఒకతె. చివరి ఏడాదిలో విద్యార్థులు ఇద్దరిద్దరుగా ఏదైనా సంస్థకు పనికొచ్చే ప్రోగ్రాం రాసివ్వాలి. ఎవరు ఏం చేశారో ఆ సంస్థ లేఖ ఇవ్వాలి. అహల్యకూ రఘునాథ్‌కూ ఈ సంఘం దొరికింది. పదకొండు వందల మంది సభ్యుల డివిడెండ్ లెక్క కట్టడానికి అక్కడ గుమాస్తాలు ఏటా రెండు నెలలు తలలు పట్టుకునేవారు.

ప్రోగ్రాం అంటే అప్పట్లో అట్టముక్కలు. ఒక్కో వరుసకు ఒక్కో కార్డు, దాని మీద యంత్రం పొడిచిన చిల్లులు. అహల్య ప్రోగ్రాం ఆరు వందల కార్డులు. రఘునాథ్ సభ్యుల వివరాల కార్డులు మాత్రమే కొట్టాడు. ఆ సంగతి దాచనూ లేదు. అయినా సుందరరామయ్య ఇచ్చిన లేఖలో ఇలా ఉంది: ప్రోగ్రాం రూపకర్త శ్రీ రఘునాథ్, కుమారి అహల్య కార్డులు కొట్టడంలో సహకరించారు.

కంచన్‌బాగ్‌లో ఒక ఆఫీసు అహల్యను ప్రోగ్రామర్ ఇంటర్వ్యూకు పిలిచింది, ప్రాజెక్టు లేఖ వెంట తెమ్మంది. ఈ లేఖ చూసినవాడెవడైనా ఇచ్చేది టైపిస్టు ఉద్యోగమే.

"ఇది తప్పు సార్. మార్చి రాయుండ్రి."

"ఎందుకమ్మా పంతం? అతగాడు రేపు సంసారం ఈదాల్సినవాడు. నీ పేరూ ఉందిగా!"

"ఉన్నది. కూలిదాని లెక్క ఉన్నది."

"అబ్బో, నోరు!" కోస్తా నుంచి వచ్చి ఇరవై ఏళ్లయినా ఆయనకు ఈ ఊరు ఇంకా వేరే ఊరే. గుమాస్తా వైకుంఠం వైపు తిరిగాడు. "మీ హైదరాబాదు పిల్లలకి వినయం నేర్పరటయ్యా?"

ఓర్పు మంచిదని అహల్యకు చాలామంది చెప్పారు. ఎవరికి మంచిదో ఒక్కరూ చెప్పలేదు. ఆమె ఓర్చుకోలేదు, కాచుకుంది.

సంఘం సర్వసభ్య సమావేశం ఆదివారం. డివిడెండ్ జాబితా అచ్చు వేసుకోవడానికి యూనివర్సిటీ కంప్యూటర్ మీద దొరికిన సమయం శనివారం మధ్యాహ్నం రెండు నుంచి ఆరు. శనివారం పొద్దున సుందరరామయ్య ప్రోగ్రాం కార్డుల కట్టను బల్ల మీద పెట్టించి పురోహితుణ్ణి పిలిపించాడు. కొత్త లారీకి పూజ చేస్తారు, కొత్త కాటాకు చేస్తారు. అట్టముక్కలు ఏం పాపం చేశాయి?

తడి తగిలితే కార్డు ఉబ్బుతుంది, ఉబ్బిన కార్డు యంత్రంలో దూరదు. ఆ గదిలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే. కలశం నీళ్లు పడగానే రఘునాథ్ లేవబోయాడు. అహల్య చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"ఊకో భాయ్."

"ఏంది ఊకునేది? కార్డులు ఖరాబైతున్నయి!"

"కానియ్. సార్‌కు మస్తు భక్తి ఉన్నది. మనమెందుకు అడ్డం?"

పసుపు, కుంకుమ, చివరికి కొబ్బరినీళ్లు. అహల్య ప్రసాదం కూడా తీసుకుంది.

మధ్యాహ్నం వైకుంఠంతో సహా అందరూ యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్‌కు చేరారు. యంత్రం పన్నెండో కార్డు దగ్గర కిర్రుమని ఆగింది. ఆపరేటర్ ఎల్లప్ప చిరిగిన పచ్చటి ముక్కలు బయటికి లాగి వాసన చూశాడు. "ఇదేంది సార్, పులిహోర కలిపిండ్రా?"

సుందరరామయ్య రఘునాథ్ మీద పడ్డాడు. "నువ్వేగా రాసింది? మళ్లీ కొట్టవయ్యా!"

"నేను మెంబర్ల కార్డులు కొట్టిన సార్. ప్రోగ్రాం అహల్యది. మూడుసార్లు చెప్పిన మీకు."

గడియారంలో మూడు దాటింది. సెంటర్ విద్యార్థులకు ఒక అలవాటుంది: యంత్రం కార్డులు నమలడం మామూలే కనుక రెండో కట్ట కొట్టుకుని బీరువాలో దాచుకుంటారు. అహల్య బీరువా తెరిచి, తన రెండో కట్ట ఆయనకు చూపించి, మళ్లీ తాళం వేసింది.

"నీ పేరే రాస్తానమ్మా. రేపు పంపిస్తాను."

"రేపొద్దు సార్. ఇప్పుడే, సంఘం కాగితం మీద. ముద్ర గూడ కావాలె."

"అవి ఆఫీసులో ఉన్నాయి తల్లీ!"

"ఫికర్ చెయ్యకుండ్రి. వైకుంఠమన్న స్కూటర్ మీద తెస్తడు. నేనాగుత."

వైకుంఠం శాలిబండ పోయి వచ్చేసరికి నాలుగున్నర. సుందరరామయ్య నిలబడే రాశాడు. మొదటి ప్రతిలో "సహకరించారు" మళ్లీ వచ్చింది, అహల్య చింపింది. రెండో ప్రతిలో కొట్టివేత ఉందని అదీ చింపింది. మూడోది సరిగ్గా ఉంది. "ఇంకొకటి సార్, ఫైలుకు" అంది. ఆ నాలుగోదానితో ఆమెకు పనేమీ లేదు. ఆయన చెమటలు కక్కుతూ రాస్తుంటే చూడాలనిపించింది, అంతే. ఈ మాట తర్వాత ఆమే చెప్పింది, ఏమాత్రం సిగ్గుపడకుండా.

ఆరుకు పది నిమిషాలుండగా జాబితా అచ్చయింది. కంచన్‌బాగ్ ఉద్యోగమూ వచ్చింది. ఇక్కడ ఆపితే నీతికథ అవుతుంది. అహల్య ఆపలేదు. ఉద్యోగంలో చేరిన వారానికే "కొబ్బరినీళ్లు పోసి పాడుచేసిన కార్డులకు" తొంభై రూపాయల బిల్లు పంపింది. అలాంటి పద్దు లేదని జవాబొచ్చింది. అప్పటినుంచి ఏటా అదే బిల్లు సర్వసభ్య సమావేశం పేరిట రిజిస్టరు పోస్టులో పంపుతోంది. సభ పేరిట వచ్చిన లేఖను కార్యదర్శే పైకి చదవాలని సంఘం నియమం. సుందరరామయ్య చదువుతాడు, సభ్యులు పగలబడి నవ్వుతారు.

"ఇచ్చి పారేయరాదు సార్?" అని వైకుంఠం ఒకసారి అడిగాడు.

"ఇస్తే తప్పు ఒప్పుకున్నట్టేగదయ్యా!"

ఈ ఏడాది, 1988 మార్చి సమావేశం నాటికి కూడా ఆ తొంభై రూపాయలు సంఘం చెల్లించలేదు.