తిప్పి కుట్టిన కోటు

"జేబు యాడికి పోయిందక్కా?"

"యాడికీ పోలేదు. కుడిపక్కనే ఉండాది, సూడు."

"మగోళ్ళ కోటుకు ఎడంపక్క గదా ఉండాల్సింది! గుండీలు సూడు, ఆడోళ్ళ కోటు మాదిరి అడ్డం తిరిగినాయి. రేపు పొద్దున్నే నా ఇంటర్వ్యూ. నా బతుకుతో ఆడుకుంటాండావా?"

"నేను తిప్పింది నీ గుడ్డను. నీ బతుకును ముట్టలేదప్పా. పెన్ను ఆ పక్కనే పెట్టుకో. ఎడంసేతి వాటమోడని అనుకుంటారు."

ఇది 1961 మార్చిలో, అనంతపురం పాతూరులోని మా కుట్టు అంగడిలో జరిగింది. అంగడి మా నాయనది. మూడో తరగతితో బడి మానిన నేను ఆయన దగ్గరే పని నేర్చుకుని, నలభై ఏళ్ళు కోట్లూ ప్యాంట్లూ కుట్టాను. ఆడమనిషి మగవాళ్ళకు కొలత తీయడం అప్పట్లో కుదిరేది కాదు. నాయన టేపు పట్టి అంకెలు చెప్పేవాడు, నేను రాసుకునేదాన్ని. కత్తెర, మిషను నావి.

ఎదురుగా నిలబడి అరుస్తున్నవాడు ఓబులేసు. మడకశిర వైపు గొర్రెల కాపరుల ఇంటివాడు, బి.ఏ. ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. పరీక్షలు ఇంకా నెల ఉండగానే ఒక వేరుశనగ కంపెనీ గుమాస్తా పనికి ఇంటర్వ్యూకు పిలిచింది. మద్రాసు ఆఫీసరు వచ్చి ట్రావెలర్స్ బంగళాలో కూర్చుని మాట్లాడతాడు. ఓబులేసు సర్టిఫికెట్లకు టైపు నకళ్ళు తీయించాడు, వాటిమీద గెజిటెడ్ అధికారి సంతకాలు పెట్టించాడు, జవాబులు వల్లె వేశాడు. కోటు లేనివాణ్ణి లోపలికే రానివ్వరని హాస్టల్లో ఎవరో చెప్పారట. తన మామ పాత బూడిదరంగు కోటు పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. భుజాల మీద రంగు ఎండకు వెలిసిపోయి ఉంది.

కొత్తది కుట్టించుకోవడం దండగని నేనే అన్నాను. వెలిసిన కోటును తిప్పి కుట్టడం మా పనిలో ఉన్నదే. కుట్లన్నీ విప్పి, గుడ్డ లోపలి మొహాన్ని పైకి తెచ్చి మళ్ళీ కుడతాం. రంగు కొత్తదానిలా కనిపిస్తుంది. అయితే ఎడమ ముక్క కుడికి పోతుంది, దానితోపాటే ఛాతీ మీది జేబూ, గుండీలు పట్టే కాజాలూ పోతాయి. కోర్టు గుమాస్తాలకు అది తెలిసిందే, అడిగేవాళ్ళు కాదు. ఈ కాలేజీ పిల్లాడికి చెప్పాలని నాకు తోచలేదు.

అంగడి అద్దం ముందు అతను కూర్చోవడం, లేవడం, గుండీ విప్పడం సాధన చేస్తుంటే చెయ్యి కాజా లేని పక్కకు పోయింది. అప్పుడే జేబూ చూసుకున్నాడు. గొడవ అక్కడ మొదలైంది.

"ఆ ఉద్యోగం రాకుంటే గొర్రెల కాడికి పో" అన్నాను కోపంగా.

"యాడుండాయక్కా గొర్రెలు? వానల్లేక మందంతా అమ్మేసినాము."

నాయన టేపు చుట్టుకుంటూ, "తప్పు నీదేమ్మా. కత్తెర పెట్టకముందే సెప్పాల్సింది" అన్నాడు.

మధ్యాహ్నం నుంచి పొద్దు గుంకే దాకా రఫూ చేశాను. రఫూ అంటే కోటు లోపల మడిచిన గుడ్డ నుంచి దారాలు లాగి, అదే నేత అల్లి, చీలిక కనిపించకుండా పూడ్చడం. జేబు నోరు మూశాను, మూడు కాజాలు మూసి ఎడమపక్క కొత్తవి కోశాను, గుండీలు కుడిపక్కకు మార్చాను. కొత్త జేబుకు గుడ్డ చాలలేదు. పెన్ను చొక్కాకు తగిలించుకోమన్నాను. ఓబులేసు పక్కనే కూర్చుని సూదిలోకి దారాలు ఎక్కించి ఇచ్చాడు.

అది మొదలు, ఏది ఏ పక్కకు పోతుందో గుడ్డ మీద సుద్దతో గీసి చూపించి, సరేననిపించుకున్నాకే ఏ కోటు కుట్లయినా విప్పాను.

మరుసటి ఉదయం పదకొండు దాటాక ఓబులేసు కోటు చేతిమీద వేసుకుని వచ్చాడు. పరీక్ష పాసైతే జూన్‌లో గుత్తి ఆఫీసులో చేరమన్నారని చెప్పి, కుండలో నీళ్ళు రెండు చెంబులు తాగాడు.

"రఫూ ఎవురన్నా కనిపెట్టినారా?" అని అడిగాను.

"నా కోటును ఎవురు సూసినారక్కా? నేనే ఆయప్ప కోటును సూస్తా కూసున్యా. అది సూసినాకనే బయం పోయి నోరు లేసింది."

మద్రాసు ఆఫీసరు కోటుకు జేబు కుడిపక్కన ఉందట. పెన్ను అందులోనే పెట్టుకున్నాడట.