సాంచాకు కట్టిన గుడ్డపేలిక

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి నమ్మాలని మా లింబాయత్ గల్లీలో అందరికీ తెలుసు. తాపీ నది పొంగినప్పుడు బట్టల తాను మీద కూర్చుని, కోసాడ్ నుంచి తేలుకుంటూ డ్యూటీకి వచ్చానని చెప్పినవాణ్ణి. ఇందులో మాత్రం నేను కలిపింది ఏమీ లేదు. కలిపేంత ఖాళీ మా బామ్మర్ది ఉంచలేదు.

వాడూ నేనూ ఒకే కార్ఖానాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాళ్లం. పగలు వాడు నడిపే సాంచాలనే రాత్రి ఒక పెద్దాయన నడిపేవాడు. వాడి జోడీదారు. ఇద్దరూ ఎదురుపడేది షిఫ్టు మారే కాసేపే. ఆ కాసేపు చాలు మావాడికి. పెద్దాయన పలకరించకపోతే లెక్కలేనితనం. పలకరిస్తే మనసులో ఏదో పెట్టుకున్నట్టు. నవ్వాడా, ఆ రోజు మావాడు అన్నం సగంలో వదిలేసేవాడు.

"అరే, రాత్రంతా నిలబడ్డ మనిషి. నీ గురించి సోచాయించే ఓపిక యాడిది ఆయనకు?"

"నీకు తెల్వది బావా. నీకన్నీ కథలే."

ఒక పొద్దున పెద్దాయన జ్వరమొచ్చి ముందే వెళ్లిపోయాడు. ఒక సాంచా పిడికి గుడ్డపేలిక కట్టి ఉంది. మా దగ్గర దానికి ఒకటే అర్థం: ఇది చెడింది, మిస్త్రీ చూసేదాకా నడపొద్దు. మావాడూ ఎన్నోసార్లు కట్టినవాడే. అయినా వాడి ముఖం నల్లబడింది.

"చూసినవా? ఇది నాతోని కాదని పదిమందికి చూపిస్తున్నడు."

"మిస్త్రీ వస్తడు, జర ఆగురా."

"ఆయన నడిపిన సాంచా నేను నడపలేనా?"

పేలిక విప్పి జేబులో కుక్కుకున్నాడు. పిడి లాగాడు. అటూ ఇటూ దారం మోసే నాడె కాసేపు ఆడి, ఒక్కసారిగా బయటికి దూసుకొచ్చి వాడి కుడికంట్లో తగిలింది.

కన్ను దక్కలేదు.

రెండో రోజు పెద్దాయన ఒంటి మీద జ్వరంతోనే దవాఖానకు వచ్చాడు. అరటిపండ్లు పెట్టి, కట్టు కట్టిన ముఖం వైపు చూడలేక నేల చూశాడు.

"జర గట్టిగ కట్టాల్సుండె కొడుకా. ఊడిపోయినట్టుంది."

"ఊడలేదు కాకా, వీడే ఇప్పిండు" అన్నాను.

పెద్దాయన నమ్మలేదు. నా మాటలు ఆయనకూ తెలుసు కదా. మావాడి చెయ్యి ఒకసారి పట్టుకుని వెళ్లిపోయాడు. తలుపు మూసుకున్నాక, మావాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"నేను ఇప్పుతనని తెల్సే కట్టిండు బావా."